ఎదుటి మనిషిని బట్టి మార్కులు: ఈమధ్య చూసిన కొన్ని సినిమాలు

సినిమాకు మార్కులు వేయడానికి కూర్చున్నప్పుడు నేను అన్నిటికన్నా ముందు పరిశీలించేది ఒకటుంది. కథానాయకుడికో కథానాయికకో అడ్డుగా నిలిచిన మనిషిని దర్శకుడు ఎంత శ్రద్ధగా తీర్చిదిద్దాడన్నదే అది. శుక్రవారం ఉదయం మొదటి ఆట వదిలాక హైదరాబాద్‌లోని ప్రసాద్స్ థియేటర్ బయట మైకుల ముందు జరిగే సంభాషణంతా ఫస్టాఫ్ ఎలా ఉంది, సెకండాఫ్‌లో ల్యాగ్ ఉందా, ఇంటర్వెల్ బ్యాంగ్ పేలిందా అన్న ప్రశ్నల చుట్టూ తిరుగుతుంది. టికెట్టు కొనబోయేవారికి ఆ వివరాలు అవసరమే. అయితే ఇంటికి వచ్చిన వారం రోజుల తర్వాత కూడా ఒక సినిమా మనసులో మెదులుతున్నదంటే, అందులో ఎదుటివాడి మాటల్లోనూ ఏదో ఒక మేరకు నిజం వినిపించి ఉంటుందని నా నమ్మకం.

ఇది మన తెరకు కొత్త విద్య కాదు. పాతాళ భైరవి (1951) మాంత్రికుడిగా ఎస్వీ రంగారావు, ముత్యాల ముగ్గు (1975) కాంట్రాక్టరుగా రావు గోపాలరావు తెర మీదికి వచ్చినప్పుడు ప్రేక్షకుడికి భయంతో పాటు వారి మాట వినాలన్న ఆశ కూడా కలిగేది. మధ్యలో చాలా కాలం ఆ స్థానంలో సుమోలు, కత్తులు, కేకలు మిగిలాయి. ఈ రెండు మూడేళ్లలో వచ్చిన చిన్న, మధ్యతరహా సినిమాలు ఆ విద్యను మళ్లీ అందుకుంటున్నాయని నాకు అనిపిస్తున్నది. వీటిలో కొన్నిటిని ఆర్టీసీ క్రాస్ రోడ్స్ థియేటర్లలోనూ, మిగిలినవాటిని ఇంట్లో ఓటీటీలోనూ చూశాను.

ముందుగా కోర్ట్ (2025) గురించి చెప్పాలి. రామ్ జగదీష్ దర్శకత్వంలో నాని సమర్పించిన ఈ సినిమా కథ 2013లో విశాఖపట్నంలో జరుగుతుంది. పంతొమ్మిదేళ్ల చందు, పదిహేడేళ్ల జాబిల్లి ఇష్టపడటం, అది తెలిసిన పెద్దలు ఆ అబ్బాయి మీద పోక్సో కేసు పెట్టించడం కథకు మూలం. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడటానికి 2012లో వచ్చిన ఈ చట్టం పద్దెనిమిదేళ్ల లోపు వారందరినీ పిల్లలుగానే పరిగణిస్తుంది. అమ్మాయి ఇష్టపడిందన్న మాటకు అక్కడ విలువ ఉండదు. పైగా కొన్ని తీవ్రమైన నేరాల విషయంలో నిందితుడు తప్పు చేశాడనే భావనతోనే విచారణ మొదలవుతుంది, కాదని నిరూపించుకోవలసిన భారం అతని మీదే పడుతుంది. ఎంతో అవసరమైన చట్టం ఒక కుటుంబ పరువు కోసం ఆయుధంగా మారితే ఏమవుతుందో ఈ సినిమా చూపిస్తుంది.

జాబిల్లి బంధువు మంగపతిగా శివాజీ పోషించిన పాత్ర కోసమైనా ఈ సినిమా తప్పక చూడాలి. అతను ఇంట్లోకి అడుగుపెడితే చాలు, ఆడవాళ్ల గొంతులు తగ్గిపోతాయి. చేయి ఎత్తకుండానే, కూర్చున్న చోటి నుంచే ఇంటిల్లిపాదినీ శాసిస్తాడు. తాను చేస్తున్నదంతా ఇంటి మంచి కోసమేనని మనస్ఫూర్తిగా నమ్ముతాడు, అందుకే అతన్ని చూస్తే నిజంగా భయం వేస్తుంది. మన బంధువర్గాల్లో, పెళ్లి పందిళ్లలో ఇలాంటి పెద్దమనిషిని చూడనివారు అరుదు. అయితే కథ కోర్టు గదిలోకి వెళ్లాక అవతలి పక్షం వాదన పలచబడింది. ఇంట్లో అంత బలంగా నిలబడ్డ ప్రత్యర్థికి తగ్గ న్యాయవాది అక్కడ లేకపోవడంతో, ప్రియదర్శి పోషించిన జూనియర్ లాయర్ సూర్యతేజ గెలుపు కోసం పడవలసినంత కష్టం పడలేదనిపించింది. చట్టం ఉద్దేశాన్ని సమర్థించే గట్టి వాదన ఒక్కటైనా అవతలి వైపు నుంచి వచ్చి ఉంటే ఇది మరింత పెద్ద సినిమా అయ్యేది. నా రేటింగ్ 5కు 3.75.

శేఖర్ కమ్ముల కుబేర (2025) గురించి క్లుప్తంగానే చెబుతాను. బిచ్చగాళ్లను బినామీలుగా మార్చి వేల కోట్ల లంచాలు చేతులు మార్చాలన్న ఆలోచన అద్భుతమైనది, ఆ బిచ్చగాళ్లలో ఒకడైన దేవా పాత్రలో ధనుష్ ఒదిగిపోయిన తీరు అంతకన్నా గొప్పది. అయితే జిమ్ సర్భ్ చేసిన పారిశ్రామికవేత్తకు డబ్బు మీద ఆశ తప్ప మరో గుణం ఇవ్వలేదు. దేవాకు అసలైన ప్రత్యర్థి నాగార్జున పోషించిన దీపక్ అని నా అభిప్రాయం. నిజాయితీగా బతికి జైలుపాలైన అధికారి అదే డబ్బు ముందు తలవంచడంలో ఒక గొప్ప కథ ఉంది. మూడు గంటల నిడివిలో దానికి దక్కిన చోటు తక్కువ. 5కు 3.

లిటిల్ హార్ట్స్ (2025) చూస్తున్నంతసేపూ హాయిగా నవ్వుకున్నాను. దిల్‌సుఖ్‌నగర్, అమీర్‌పేట చుట్టుపక్కల ఎంసెట్ కోచింగ్ హాస్టళ్లలో లాంగ్ టర్మ్ చదివినవారికి ఆ వాతావరణం ఇట్టే పట్టుబడుతుంది. కొడుకును ఇంజనీరును చేయాలని పట్టుబట్టే తండ్రిని రాక్షసుడిగా చూపించనందుకు దర్శకుడు సాయి మార్తాండ్‌ను అభినందించాలి. అంతకుమించి విశ్లేషించవలసిన బరువు ఈ కథకు లేదు, ఉండనవసరమూ లేదు. 5కు 3.25.

వెంకీ అట్లూరి లక్కీ భాస్కర్ (2024) విషయంలో మా ఇంట్లో ఏకాభిప్రాయం కుదరలేదు. అప్పులతో, అవమానాలతో నలిగిపోతున్న బొంబాయి బ్యాంకు ఉద్యోగి 1980ల చివర, 1990ల తొలినాళ్లలో అడ్డదారుల్లో కోట్లు సంపాదించడం ఇందులోని కథ. 1992లో బయటపడిన హర్షద్ మెహతా కుంభకోణం దీనికి నేపథ్యం. ప్రభుత్వ సెక్యూరిటీలు చేతికి రాకుండానే వాటికి బదులుగా బ్యాంకులు ఒకదానికొకటి ఇచ్చుకునే రసీదులు, ఆ రసీదుల మాటున సొమ్ము షేర్ మార్కెట్‌లోకి మళ్లిన తీరు వంటి చిక్కు విషయాన్ని సామాన్య ప్రేక్షకుడికి అర్థమయ్యేలా చెప్పడం చిన్న పని కాదు. దుల్కర్ సల్మాన్ ప్రతి సన్నివేశాన్నీ నమ్మించాడు. మొదటి అరగంటలో అతనికి ఎదురుగా నిలిచిన పేదరికం ఏ ప్రతినాయకుడికీ తీసిపోదు. ఇంట్లోవాళ్లకు పెట్టిన తిండి గురించి సైతం మాట పడవలసి వచ్చే ఇంటి పెద్ద బాధ అందరికీ తెలిసినదే.

డబ్బు వచ్చాక ఆ ప్రత్యర్థి తప్పుకుంటాడు. అతని స్థానంలో భాస్కర్ అహంకారమే నిలబడవలసింది, కొంతసేపు నిలబడింది కూడా. భార్య సుమతితో అతని సంబంధం బెడిసే సన్నివేశాలు సినిమాకు ప్రాణం. కానీ దర్శకుడు త్వరగానే వాటిని దాటి, భాస్కర్ ఎలా తప్పించుకుంటాడన్న ఉత్కంఠ వైపు మళ్లాడు. అతను కొల్లగొట్టిన సొమ్ము ఎవరిదన్న ప్రశ్న ఎక్కడా మనల్ని ఇబ్బంది పెట్టదు. మా బావగారు దీనికి 4 ఇవ్వాలన్నారు, సినిమా నీతి పాఠం చెప్పనవసరం లేదన్నది ఆయన వాదన. నేను అడుగుతున్నది నీతి గురించి కాదు. నష్టపోయిన డిపాజిట్‌దారుడు ఒక్కడు భాస్కర్ ఎదుట నిలబడి ఉంటే అతని గెలుపుకు బరువు వచ్చేది. 5కు 3.25 దగ్గరే ఆగుతున్నాను.

35 చిన్న కథ కాదు (2024) నాకు ఎంతో ఇష్టమైన సినిమా. నంద కిశోర్ ఈమాని తిరుపతిలో నడిపిన ఈ కథలో అరుణ్ అనే పిల్లవాడికి లెక్కలు ఎక్కవు. సున్నాకు విలువ లేదంటూనే ఒకటి పక్కన పెడితే పది ఎందుకవుతుందని అడుగుతాడు. తరగతి గది అతనికి సమాధానం చెప్పదు, సున్నా అని ముద్ర వేసి పంపిస్తుంది. తానే పదో తరగతి దాటని తల్లి సరస్వతి కొడుకు కోసం లెక్కల పుస్తకం తెరుస్తుంది. తెలంగాణ ప్రభుత్వం 2025లో ప్రదానం చేసిన గద్దర్ అవార్డుల్లో ఈ పాత్రకు నివేదా థామస్ ఉత్తమ నటిగా, అరుణ్‌గా చేసిన అరుణ్‌దేవ్ పోతుల బాలనటుడిగా ఎంపిక కావడం ఎంతో సముచితంగా అనిపించింది.

ఇందులో ఎదుటి మనిషి లెక్కల మాస్టారు చాణక్య. కోర్ట్‌లో న్యాయం కోసం పోరాడిన ప్రియదర్శే ఇక్కడ ఆ కఠినమైన గురువు కావడం ఆసక్తికరం. చాణక్యకు చదువు చెప్పడం రాదని ఎవరూ అనలేరు. అర్థం చేసుకోగలిగినవారికి అతను గొప్ప ఉపాధ్యాయుడే, అర్థం కాని పిల్లవాడు తరగతిని వెనక్కి లాగుతాడన్న అతని ఆందోళనలోనూ కొంత నిజం ఉంది. మన నగరంలోని కార్పొరేట్ స్కూళ్లలో పిల్లలను మార్కుల ప్రకారం సెక్షన్లుగా విడగొట్టే పద్ధతి వెనుక ఉన్నదీ ఈ ఆందోళనే. దర్శకుడు అతన్ని దుర్మార్గుడిగా చిత్రించి ఉంటే తల్లిదండ్రులంతా అతన్ని తిట్టుకుని ఇంటికి వెళ్లిపోయేవారు. అలా చేయలేదు కనుకనే, మార్కుల కార్డు చూసి పిల్లల మీద మనం విసుక్కున్న సందర్భాలు గుర్తుకు వస్తాయి. వివేక్ సాగర్ సంగీతం ఎక్కడా కన్నీళ్లను బలవంతంగా రప్పించదు. భార్యాభర్తల మధ్య ఎడబాటు కాస్త సాగినట్టు అనిపించడం తప్ప నాకు వేరే ఫిర్యాదు లేదు. 5కు 4.25.

బలగం (2023) ఇటీవలిది కాకపోయినా, అమ్మ కోరిక మీద ఈమధ్యే ఇంట్లో మళ్లీ చూశాం కనుక రాస్తున్నాను. వేణు యెల్దండి హాస్యనటుడిగా పేరు తెచ్చుకుని, తొలి సినిమాకు చావు ఇంటిని ఎంచుకోవడమే పెద్ద సాహసం. తాత కొమురయ్య చనిపోతాడు, పెట్టిన ముద్దను కాకి ముట్టదు, కులపెద్దలూ ఊరూ ఆ ఇంటి వైపు వేలెత్తి చూపిస్తాయి. దీని వెనుక ఉన్నది ఎప్పుడో ఒక విందులో నల్లి బొక్క (మూలుగ ఎముక) కోసం బావ, బావమరదుల మధ్య వచ్చిన గొడవ. పుట్టింటి గడప తొక్కకుండా ఏళ్ల తరబడి ఉండిపోయిన ఆడబిడ్డ, తండ్రి శవాన్ని చూడటానికి మాత్రమే తిరిగి వస్తుంది.

ఇక్కడ ప్రతినాయకుడంటూ ఒక్కరూ లేరు. కొమురయ్య కొడుకు ఐలయ్య వైపు నుంచి చూస్తే ఐలయ్య మాట సబబుగానే ఉంటుంది, అల్లుడు నారాయణ వైపు నుంచి చూస్తే అతనికి జరిగిన అవమానం చిన్నది కాదు. నల్లి బొక్క కోసం ఇన్నేళ్ల పగ ఏమిటని నేను అన్నప్పుడు అమ్మ వెంటనే అడ్డుకుంది. "బొక్క కోసం కాదు బిడ్డా, అందరి ముంగట ఇజ్జత్ పోయింది గదా" అన్నది. ఉత్తర తెలంగాణ ఇళ్లలో అల్లుడి మర్యాద ఎంత సున్నితమైనదో తెలిసిన మనిషి తీర్పు అది, నా విశ్లేషణ కన్నా అదే సరైనది. చివర పస్తం మొగిలయ్య, కొమురమ్మ దంపతులు పాడే పాటలో కుటుంబమంతా తమను తాము చూసుకుంటుంది. మొగిలయ్య 2024 డిసెంబరులో కన్నుమూశారు, ఆయన గొంతు ఇలా నిలిచిపోయినందుకు ఈ సినిమాకు మనం రుణపడి ఉండాలి. ఊళ్లలో తెరలు కట్టి జనం సామూహికంగా ఈ సినిమా చూడటం వెనుక ఉన్న బలం కూడా ఇదేనని నా అభిప్రాయం. కొమురయ్య మనవడు సాయిలు అప్పులు తీర్చుకోవడానికి వేసే ఎత్తుగడలు మొదటి సగంలో తేలికగా తోచాయి, అతనిలోని మార్పు తొందరగా వచ్చేసింది. అయినా 5కు 4.5 ఇస్తున్నాను. ఈ రాతలో అత్యధిక మార్కులు దీనివే.

చివరిగా రాహుల్ రవీంద్రన్ తీసిన ది గర్ల్‌ఫ్రెండ్ (2025). చి.ల.సౌ.తో స్క్రీన్‌ప్లేకు జాతీయ పురస్కారం అందుకున్న దర్శకుడి నుంచి వచ్చిన ఈ సినిమాలో భూమా అనే పీజీ విద్యార్థిని, తాను అవునని చెప్పకముందే విక్రమ్‌కు ప్రియురాలైపోతుంది. అతను ఆమెను ప్రేమిస్తున్నానని నమ్ముతాడు. ఆమె గదికి, ఆమె సమయానికి, ఆమె స్నేహాలకు తానే యజమానినని కూడా అంతే అమాయకంగా నమ్ముతాడు. కోర్ట్‌లోని మంగపతికి తన అధికారం గురించి తెలుసు, విక్రమ్‌కు తెలియదు. దీక్షిత్ శెట్టి ఆ తెలియనితనాన్ని ఎక్కడా అతి చేయకుండా నటించడం వల్ల, మన పరిచయంలోని ఎందరో మామూలు కుర్రాళ్లు అతనిలో కనిపించారు. విక్రమ్ తల్లిగా రోహిణి దాదాపు మౌనంగా కనిపించే ఘట్టంలో, ఆమె బెదురు చూపుల్లో భూమా తన రేపటిని చూసుకుంటుంది. భూమాగా చేసిన రష్మిక ముఖంలో ఆ గుర్తింపు కలిగే క్షణం ఈ ఏడాది నేను చూసిన నటనల్లో మేటి.

కూతుర్ని తన చెప్పుచేతల్లో పెంచుకున్న తండ్రిగా రావు రమేష్ పాత్రను చేర్చడంతో విక్రమ్ ఒంటరి దోషిగా మిగలలేదు, అతనిలాంటివారికి దారి వేసిన ఇల్లు కూడా తెర మీద నిలబడింది. నా అసంతృప్తి చివరి భాగం గురించి. అప్పటిదాకా చూపులతో, మౌనంతో చెప్పినదాన్నే అక్కడ మళ్లీ మాటల్లో వివరించవలసి రావడం నాకు రుచించలేదు. ఆ మాటలు పదిమంది ముందు బయటికి రావడమే భూమాకు విడుదల అని మా అక్క వాదిస్తున్నది, హాస్టల్లో నాలుగేళ్లు గడిపిన మనిషి కనుక ఆమె మాటను నేను కొట్టిపారేయలేను. 3.75 అని రాసిపెట్టుకున్నదాన్ని ఆ వాదన విన్నాక 4 చేశాను. అక్క మాత్రం 4.5కు తగ్గేది లేదంటున్నది.