ఎబెనెజరు: ఓటమికీ గెలుపుకీ ఒకే పేరు

మందిరాల బోర్డుల మీద, పెళ్లి శుభలేఖల మీద, కొత్త ఇంటి గుమ్మం పైన ఈ పేరు చూస్తూనే ఉంటాం. పిల్లలకూ పెట్టుకుంటాం. హెబ్రీలో 'ఎబెన్' అంటే రాయి, 'ఏజెర్' అంటే సహాయం. మోషే కుమారుడు ఎలీయెజెరు, శాస్త్రియైన ఎజ్రా, బేతనియ లాజరు, వీళ్ల పేర్లలోనూ ఈ సహాయమే ఉంది.

“ఇంతవరకు యెహోవా మనకు సహాయము చేసెను” అని ప్రవక్త సమూయేలు రాయి నిలిపిన సంగతి (1 సమూయేలు 7:12) అందరికీ కంఠతా వచ్చు. డిసెంబర్ 31 రాత్రి ఆరాధనల్లో వినపడే మాటే కదా! అయితే ఈ పేరు బైబిల్లో మొదట కనబడేది నాలుగో అధ్యాయంలో. ఇశ్రాయేలీయులు ఎబెనెజరులో దిగి, ఆఫెకులో ఉన్న తమ శత్రువులు ఫిలిష్తీయులతో తలపడ్డారు. దాదాపు 4,000 మంది కూలారు. అప్పుడు షిలోహు నుంచి మందసం, అంటే దేవుని సన్నిధికి గుర్తైన పవిత్రమైన పెట్టె, తెప్పించారు. అది మన మధ్య ఉంటే చాలు, గెలిచినట్టే అనుకున్నారు. దేవుణ్ణి అడగలేదు, ఆయన పెట్టెను మోసుకొచ్చారు, తాయెత్తు కట్టుకున్నట్టు. ఈసారి 30,000 మంది పోయారు, మందసమూ శత్రువుల చేతికి పోయింది. ఆ కబురు విన్న యాజకుడు ఏలీ కోడలు, ఫీనెహాసు భార్య, ప్రసవవేదనలో చనిపోతూ బిడ్డకు ఈకాబోదు అని పేరు పెట్టింది. ప్రభావం పోయిందని!

ఆ ఎబెనెజరూ, మిస్పాకూ షేనుకూ మధ్య నిలిపిన ఈ రాయీ ఒకే చోటివి కావంటారు చాలామంది పండితులు. కావచ్చు. గ్రంథకర్త మాత్రం రెండు చోట్లా ఒకే పేరు ఊరికే రాయలేదనిపిస్తుంది నాకు.

ఎందుకంటే రెండోసారి, మిస్పాలో, ఇశ్రాయేలీయుల చేతిలో మందసం లేదు. ఫిలిష్తీయులు తిరిగి పంపేశాక, 20 ఏళ్లుగా అది కిర్యత్యారీములో, అబీనాదాబు ఇంట్లో ఉంది. బయలు అనే అన్యదేవత విగ్రహాలను తీసేశారు, నీళ్లు తోడి యెహోవా సన్నిధిని కుమ్మరించారు, ఉపవాసముండి “పాపాత్ములమని” ఒప్పుకున్నారు. శత్రువు వస్తున్నాడని వినగానే భయపడ్డారు కూడా. సమూయేలు పాలు తాగే గొర్రెపిల్లను బలి అర్పిస్తుండగానే ఆకాశం ఉరిమింది. ఫిలిష్తీయులు చెదిరిపోయారు.

తర్వాతి అధ్యాయానికే సమూయేలు ముసలివాడయ్యాడు, కొడుకులు లంచాలు తింటున్నారు. మా ముందు నడిచి యుద్ధాలు చేయడానికి ఒక రాజు కావాలని పెద్దలు రామాకు వచ్చి అడిగారు.