నీళ్ళు ఎటు పోతున్నాయి?

చివరి నెల రోజులూ అమ్మమ్మ ఒక్క మాటే అడిగింది. "నీళ్ళు ఎటు పోతున్నాయే?" మోటారు సంగతి అనుకొని, "ట్యాంకు నిండింది అమ్మమ్మా, ఆపేశాం" అనేదాన్ని. గోడ వైపు తిరిగి పడుకొనేది. సాయంత్రానికి మళ్ళీ అదే ప్రశ్న. మాఘమాసంలో, 91వ ఏట పోయింది.

చిన్నమ్మమ్మ కర్మలకు రాలేకపోయింది. మోకాళ్ళు సహకరించవు, చెవులు సరిగ్గా వినపడవు. ఫోనులో ఇద్దరం కలిసి ఏడవడానికి కూడా వీలు కాలేదు. అందుకే అమ్మ తీసి ఇచ్చిన అమ్మమ్మ చీర, వంగపండు రంగు నేతచీర, సంచిలో పెట్టుకొని ఒంగోలులో మద్రాసు వెళ్ళే పినాకిని రైలు ఎక్కాను. సూళ్ళూరుపేట వచ్చేదాకా తూర్పు వైపు కిటికీ వదలలేదు. కాలువ ఎక్కడైనా కనిపిస్తుందేమోనని ఆశ. కనిపించలేదు.

అమ్మమ్మ పుట్టిన ఊరు ఒంగోలుకు తూర్పున, బకింగ్‌హాం కాలువ గట్టున ఉంది. పెదగంజాం దగ్గర నుంచి మద్రాసు మీదుగా మరక్కాణం దాకా, సముద్రాన్ని ఆనుకొని సుమారు 420 కిలోమీటర్లు సాగే కాలువ అది. ఆమె చిన్నతనంలో సరుగుడు కట్టెలు, ఉప్పు పడవల మీద మద్రాసుకు వెళ్ళేవి. గాలి ఉంటే తెరచాప ఎత్తేవారు, లేకపోతే గట్టు మీద నడుస్తూ మనుషులే తాడు కట్టి లాగేవారు. 1951లో పెళ్ళయి మైలాపూరు వెళ్ళిన అమ్మమ్మకు పుట్టింటి గోంగూర పచ్చడి జాడీ ఆ కట్టెల మధ్యనే వచ్చేది. పడవవాళ్ళు కట్టెల అడితిలో సరుకు దించి, జాడీ ఇచ్చి, ఊరి కబుర్లు చెప్పి వెళ్ళేవారట. ఇదంతా నేను వంద సార్లు విన్నాను. వింటూ ఫోను చూసుకున్న సార్లు కూడా ఉన్నాయి.

సెంట్రల్‌లో దిగి, రోడ్డు దాటి, పార్క్ టౌన్‌లో తిరుమయిలై, అంటే మైలాపూరు స్టేషను వైపు వెళ్ళే రైలు ఎక్కాను. స్తంభాల మీద నడిచే ఈ రైలుమార్గం 1997లో తిరుమయిలై వరకు వచ్చింది. చేపాక్ దాటాక కిందికి చూస్తే గుండె కలుక్కుమంది. ఆ స్తంభాల్లో చాలా వాటిని కాలువలోనే దింపారు. నల్లటి నీరు, ఒడ్డున చెత్త. పడవ తిరగడానికి చోటే లేదు. ఏ కాలువ మీద ఆమెకు పుట్టిల్లు నడిచి వచ్చిందో, దాని మీదుగానే వెళ్తున్నానని అప్పుడు తెలిసింది.

చిన్నమ్మమ్మ ఇల్లు స్టేషనుకు దగ్గరలోనే, ఒక సందులో ఉంది. "రా తల్లీ, అన్నం తిన్నావా?" అంది. చీర ఒళ్ళో పెట్టాను. మడత విప్పకుండానే ముఖానికి ఆనించుకొంది. "అమృతాంజనం. ఇంకా అదే రాసుకొనేదా?" అని అడిగింది. చివరి రోజు వరకూ తలగడ కింద ఆ సీసా ఉండేదని చెప్పాను. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1893లో బొంబాయిలో మొదలుపెట్టి, తర్వాత మద్రాసుకు తెచ్చిన మందు అది. ఆయన పేరుతో ఉన్న పార్కు అదే మైలాపూరులో, లజ్ దగ్గర ఉంది. ఊరు వదిలి అరవై ఏళ్ళు కావస్తున్నా, ఇక్కడి వాసన ఆమె నుదుటి మీద ఉండిపోయింది.

మాటల మధ్యలో ఆ ప్రశ్న సంగతి చెప్పాను. రెండుసార్లు గట్టిగా చెప్పాల్సి వచ్చింది. చిన్నమ్మమ్మ చేతిలోని గ్లాసు కింద పెట్టేసింది.

"మోటారు కాదమ్మా. కాలువ."

1952 చలికాలం. అమ్మమ్మకు పద్దెనిమిదేళ్ళు, మా అమ్మ కడుపులో ఉంది. సాయానికి వచ్చిన చెల్లెలికి పదమూడు. సాయంత్రం కాగానే ఇద్దరూ కాలువ వంతెన మీదికి వెళ్ళేవారు. "నీళ్ళు దక్షిణానికి కదులుతుంటే, 'నాన్న దగ్గర నుంచి వస్తున్నాయే' అనేది. ఉత్తరానికి మళ్ళితే, 'మన ఊరు పోతున్నాయి, ఏమైనా చెప్పి పంపు' అనేది. ఒక్క రోజు మాత్రం వెళ్ళలేదు. పొట్టి శ్రీరాములు గారు డిసెంబరు 15 రాత్రి పోయారు. మర్నాడు వీధుల నిండా జనం. మీ తాతయ్య గడప దాటవద్దన్నారు. ఆ రాత్రి అక్కకు నిద్ర లేదు. 'నీళ్ళు ఎటు పోతున్నాయో' అని ఒకటే అనడం."

ఒంగోలు నీళ్ళు ఇక్కడిదాకా ఎలా వస్తాయని అడిగాను. మైలాపూరు పక్కన పోయే ఈ ఎనిమిది కిలోమీటర్ల ముక్క, ధాత కరువులో పనులు కల్పించడానికి 1877-78లో కూవం, అడయారు నదులను కలుపుతూ తవ్వినది. కదిలిస్తే సముద్రపు పోటే దీన్ని కదిలించాలి.

"దానికి తెలియదా తల్లీ? పడవల వాళ్ళ మధ్య పెరిగిన పిల్ల. పోటు చూసి పడవ ఎప్పుడు కదులుతుందో చెప్పేది. తెలిసే అనుకొనేది."

1965, 66 తుపానులు కాలువను బాగా దెబ్బతీశాయి. ఆ తర్వాతి ఏడాదే తాతయ్య పని పోయి, అమ్మమ్మ సంసారం ఒంగోలు తిరిగి వచ్చింది. అప్పటి నుంచి ఆమె ఈ వంతెన చూడలేదు. తీసుకువెళ్తానని నేనే రెండుసార్లు మాట ఇచ్చాను. ఒకసారి సెలవు దొరకలేదు, ఒకసారి ఎండలు తగ్గాక చూద్దామన్నాను. నెల రోజుల పాటు ఆమె పుట్టింటి వార్త అడుగుతుంటే, ట్యాంకు నిండిందని జవాబు చెప్పాను.

చిన్నమ్మమ్మ తను రాలేనంది. "నువ్వు చూసి వచ్చి చెప్పు" అంది.

వంతెన మీద స్కూటర్ల రద్దీ. పిట్టగోడ పక్కన నిలబడ్డాను. నీళ్ళు ఎటూ కదలడం లేదనిపించింది. ఒక స్తంభం పక్కన కొబ్బరి చిప్ప ఒకటి తేలుతూ ఉంది. దాని మీదే కళ్ళు పెట్టాను. తల మీదుగా మూడు రైళ్ళు పోయాయి. కపాలీశ్వరుడి గుడి వైపు నుంచి పూలు కొనుక్కొని వస్తున్న ఇద్దరు ఆడవాళ్ళు నా పక్కన ఆగి, నేను ఏం చూస్తున్నానో తాము కూడా చూసి వెళ్ళారు. చీకటి పడే వేళకు చిప్ప స్తంభాన్ని వదిలింది. చాలా మెల్లగా, జానెడు జానెడుగా, ఉత్తరం వైపు జరిగింది.

ఇంటికి వచ్చి చిన్నమ్మమ్మ చెవి దగ్గర వంగి, "ఉత్తరానికి" అన్నాను.

చీర మడత విప్పి మోకాళ్ళ మీద కప్పుకొంటూ, "ఏమైనా చెప్పి పంపావా?" అని అడిగింది.

"పంపాను" అన్నాను.