కాళ్ళకి ఎవరు చెప్పాలి?

"అక్కా, చెయ్యి వదలకే!" అని అరుస్తున్నాడు తమ్ముడు. నిలబడింది బెంగళూరులో మారతహళ్ళి వైపు ఓ మాల్‌లో, కార్పెట్ మీద పరిచిన చెక్క పలక మీద. కళ్ళకి తగిలించుకుంటే లేని లోకాన్ని ఉన్నట్టే చూపించే వీఆర్ (వర్చువల్ రియాలిటీ) హెడ్‌సెట్‌లో మాత్రం నలభయ్యో అంతస్తు అంచున ఉన్నాడట. క్యూలో ఉన్న పిల్లలు ఒకటే నవ్వు.

హెడ్‌సెట్ తీసేశాక కూడా ఎస్కలేటర్ వద్దన్నాడు. లిఫ్ట్ దాకా వెళ్ళడం కూడా గోడ వారగానే. అదంతా ఉత్తిదేనని బుర్రకి తెలుసు, కాళ్ళకి ఎవరు చెప్పాలి?

భయమే కాదు, మంచి బుద్ధీ ఇలాగే అంటుకుంటుందేమో. 2013లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్ళు ప్రచురించిన ఓ ప్రయోగంలో కొందరిని వీఆర్‌లో సూపర్‌మ్యాన్‌లా ఎగరనిచ్చారు, కొందరిని హెలికాప్టర్‌లో కూర్చోబెట్టారు. అయ్యాక, పొరపాటున అన్నట్టు పెన్నులు కింద పడేశారు. ఎగిరొచ్చినవాళ్ళు చప్పున వంగి సాయం చేశారు, ఎక్కువ పెన్నులూ ఏరిచ్చారు. ఆ మంచితనం ఇంటికెళ్ళేదాకా నిలుస్తుందా అన్నది నా అనుమానం. మన సిల్క్ బోర్డ్ ట్రాఫిక్‌లో అయితే అస్సలు నిలవదు.

"మరి రోజూ నువ్వు ఫోన్‌లో టపటపా కాల్చే గేమ్‌ల సంగతి?" అన్నా.

"ముందు నువ్వు చూసే సీరియళ్ళలో అత్తల సంగతి తేల్చు" అన్నాడు వెధవ.