బీడుకు వేసిన కుట్లు

నాన్నగారి అంబాసిడర్ ఇంజిన్ బ్లాకును (సిలిండర్లుండే పోత ఇనుప దిమ్మను) తుక్కుకు వేసి, రాణిగంజ్‌లో పాతది మరొకటి వెతుక్కోమని సలహా ఇచ్చినవారే ఎక్కువ. ఆ కారు తయారీ 2014లోనే ఆగిపోయింది కాబట్టి, ఇప్పుడు దొరికే ప్రతి బ్లాకూ ఎవరో ఒకరు అరగదీసి వదిలినదే అవుతుంది. దాని చరిత్ర నాకు తెలియదు, దీని చరిత్ర తెలుసు. అందుకే దీన్నే బాగుచేయించాలని నిశ్చయించుకొని, రెండు నెలలుగా శనివారాలన్నీ బాలానగర్‌లోని ఒక పాత బోరింగ్ షాపులో, అంటే అరిగిన ఇంజిన్ సిలిండర్లను లోపలి నుంచి కోసి సరిచేసే చోట, గడుపుతున్నాను.

దెబ్బ తగిలింది రెండేళ్ల క్రితం, మే నెలలో. ఉప్పల్ దాటాక రేడియేటర్ గొట్టం పగిలి నీళ్లన్నీ కారిపోయాయి. ఇంజిన్ చల్లారేదాకా ఆగకుండా, కంగారులో బిందెడు చన్నీళ్లు పోశాం. సెగలు కక్కుతున్న బీడు (పోత ఇనుము) ఒకచోట ఒక్కసారిగా కుంచించుకొని, పక్కనున్న భాగం ఇంకా వేడిగానే ఉండిపోవడంతో, వాటర్ జాకెట్ (సిలిండర్ల చుట్టూ చల్లార్చే నీళ్లు తిరిగే ఖాళీ) గోడ బయటివైపు చీలింది. అప్పట్లో దగ్గరలో దొరికిన ఒక వర్క్‌షాపులో ఆ చీలిక మీద మామూలు వెల్డింగ్ రాడ్డుతో అతుకు వేయించాం. మూడు వారాలు తిరగకముందే ఆ అతుకును ఆనుకొని, దానికి సమాంతరంగా కొత్త చీలిక తేలింది. అతుకు చెక్కుచెదరలేదు, దాని పక్కనున్న ఇనుమే విడిపోయింది.

ఇలా ఎందుకు జరిగిందో అర్థం చేసుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది. మనం బీడు అని పిలిచే పోత ఇనుములో కర్బనం రెండున్నర నుంచి నాలుగు శాతం దాకా ఉంటుంది. అందులో ఎక్కువ భాగం సన్నని గ్రాఫైట్ రేకులుగా ఇనుమంతటా పరుచుకొని ఉంటుంది. ఆ రేకుల వల్లనే బ్లాకు అదురును తనలో ఇముడ్చుకుంటుంది, సిలిండర్ గోడ పిస్టన్ రింగుల రాపిడిని ఏళ్ల తరబడి ఓర్చుకుంటుంది. అయితే ఆ రేకుల వల్లనే అది సాగదు, లాగితే తెగుతుంది. వెల్డింగ్ చేసినప్పుడు అతుకు పక్కన కరిగిన ఇనుము చుట్టూ ఉన్న చల్లని లోహం వల్ల వెంటనే గడ్డకడుతుంది కాబట్టి, కర్బనానికి మళ్లీ గ్రాఫైట్‌గా మారే వ్యవధి దొరకక, అక్కడ గాజులా గట్టిగా, గాజులాగే పెళుసుగా ఉండే పొర ఏర్పడుతుంది. అతుకు చల్లారుతూ కుంచించుకొని లాగేసరికి ఆ పొర దగ్గర తెగుతుంది. నికెల్ రాడ్డుతో ఒక్కోసారి అంగుళం మేర మాత్రమే వేస్తూ, సుత్తితో మెల్లగా తట్టి బిగువు తగ్గిస్తూ, చేయి ఆనించగలిగేంత చల్లారాకే తర్వాతి అంగుళానికి పోయేవారు మంచి ఫలితం సాధిస్తారు. బ్లాకు మొత్తాన్ని ఎర్రబడేదాకా కాచి అతికి, బూడిదలో కప్పి నిదానంగా చల్లార్చే పద్ధతీ ఉంది కానీ, అంత వేడికి సిలిండర్లూ, క్రాంకు (పిస్టన్లు తిప్పే ఇరుసు) కూర్చునే బేరింగ్ గూళ్లూ వంకరపోయే ప్రమాదం ఉంది. నా అభిప్రాయంలో, బరువు మోయని జాకెట్ గోడ కోసం ఆ ప్రమాదం కొనితెచ్చుకోవడం తప్పు.

బాలానగర్ ఉస్తాద్ బ్లాకును చూడగానే అన్న మాట నాకు బాగా గుర్తుంది. “మంట పెడితే బీడు అలుగుతది సార్. చల్లగనే కుడదాం.”

కుట్టడమంటే నిజంగా కుట్టడమే. ముందు పాత అతుకును రుబ్బించి తీసేశారు. ఆ చోటును శుభ్రంగా తుడిచి ఎర్ర రంగు ద్రవం పూసి, కాసేపాగి తుడిచేసి, మీద చీలికలో మిగిలిన ఎర్ర రంగును పైకి లాగే తెల్లని డెవలపర్ పొడి చల్లారు. కంటికి యాభై మిల్లీమీటర్లుగా కనిపించిన చీలిక, తెల్లని పొర మీద ఎర్రని గీతగా డెబ్బై మిల్లీమీటర్ల దాకా పాకింది. ఆ గీత రెండు చివర్లనూ పంచ్‌తో గుర్తుపెట్టి, చీలిక అంతకు మించి పాకకుండా అక్కడే మొదటి రంధ్రాలు వేశారు. ఆపైన ఒక చివర నుంచి ఆరు మిల్లీమీటర్ల రంధ్రం, దానికి ట్యాప్‌తో మర, అందులోకి సీలెంట్ పూసిన మరప్లగ్గు, పైకి మిగిలిన ముక్క కోత. తర్వాతి రంధ్రాన్ని మొదటి ప్లగ్గు అంచును మూడోవంతు కొరుకుతూ వేశారు. ఇలా ఒకదాన్నొకటి పట్టుకొని వరుసగా 18 ప్లగ్గులు. డ్రిల్లు కింద రాలే పొడి ఉక్కు చుట్టలా కాకుండా నల్లని పిండిలా ఉంటుంది. వేలితో రాస్తే పెన్సిల్ సీసంలా అంటుకుంటుంది. అది గ్రాఫైటే. చివరికి తలలన్నీ తట్టి, చదును చేశాక, గోడ మీద కలిసిపోయిన వలయాల వరుస ఒకటి మిగిలింది. నీటి దారులన్నీ మూసి, లోపలికి గాలి పట్టి, వేడినీళ్ల తొట్టిలో ముంచి చూస్తే ఒక్క బుడగ కూడా రాలేదు.

సిలిండర్ల సంగతి వేరు. 1489 సీసీ ఇంజిన్ అసలు బోరు, అంటే సిలిండర్ లోపలి వ్యాసం, 73.025 మిల్లీమీటర్లు. ఇది ఇదివరకే ఇరవై థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యోవంతు), అంటే సుమారు అర మిల్లీమీటరు ఓవర్‌సైజుకు బోరింగ్ అయింది. బోర్ గేజ్ దింపి చూస్తే, పై రింగు తిరుగుముఖం పట్టే చోట అరుగుదల 0.16 మిల్లీమీటర్లు, అడుగున దాదాపు శూన్యం. వేడి, ఒత్తిడి ఎక్కువగా ఉండి, నూనె తక్కువగా అందే చోటు అదే కాబట్టి అరుగుదల ఎప్పుడూ అక్కడే మొదలవుతుంది. దాని పైన రింగు తాకని అంచు మెట్టులా మిగిలి, గోటికి తగులుతుంది. నలభై థౌకు బోరు చేస్తే మూడు సిలిండర్లు శుభ్రపడతాయి. మూడో సిలిండర్ మాత్రం శుభ్రపడదు. బండి కదలకుండా ఉన్న రోజుల్లో గ్యాస్కెట్ దాటి దిగిన నీరు అక్కడ 0.4 మిల్లీమీటర్ల లోతు తుప్పు గుంట చేసింది. బోరింగ్‌లో ఒక పక్క నుంచి పోయేది మహా అయితే పావు మిల్లీమీటరు. దానికి స్లీవు, అంటే సిలిండర్‌లో బిగించే కొత్త ఇనుప గొట్టం, ఒక్కటే దారి.

ఇక్కడ ఉస్తాద్ పాటించిన వరుసను నేను మనసారా మెచ్చుకున్నాను. ముందు మూడో సిలిండర్‌ను స్లీవుకు సరిపడా వెడల్పు చేసి, స్లీవు జారిపోకుండా అడుగున సన్నని మెట్టు వదిలి, 0.05 మిల్లీమీటర్ల బిగువుతో ప్రెస్సు కింద దింపారు. ఆ తర్వాతే నాలుగింటినీ ఒకే కొలతకు బోరు చేశారు. స్లీవు దిగేటప్పుడు పక్క సిలిండర్ల గోడలు కొద్దిగా లోపలికి నెట్టుకుంటాయి. వాటిని ముందే బోరు చేసి ఉంటే, ఆ కొలత చెడిపోయేది.

బ్లాకు పైముఖం మీద స్ట్రెయిట్ ఎడ్జ్ (తిన్నని ఉక్కు బద్ద) ఆనిస్తే, రెండో, మూడో సిలిండర్ల మధ్య 0.12 మిల్లీమీటర్ల ఫీలర్ (సందు కొలిచే పలుచని రేకు) దూరింది. 0.15 మిల్లీమీటర్ల గ్రైండింగ్‌తో చదునైంది. అంతకు మించి తీయనివ్వలేదు, ఎందుకంటే తీసినకొద్దీ కంప్రెషన్, అంటే సిలిండర్‌లో గాలి నొక్కుకునే తీరు, పెరుగుతుంది.

హోనింగ్ (సిలిండర్ గోడను రాతితో సన్నగా రాపిడి చేయడం) గీతలు ఒకదాన్నొకటి కోస్తూ పడ్డాక, కడగడం నా పనిగా ఇచ్చారు. కిరోసిన్‌తో కడిగితే రాతిపొడి గీతల్లోనే ఉండిపోతుందట. వేడినీళ్లు, సబ్బు, గట్టి బ్రష్షుతో రుద్ది, తెల్లని గుడ్డతో తుడిచి చూడాలి. మొదటి నాలుగు గుడ్డలు బూడిదరంగుకు తిరిగాయి, అయిదోది తెల్లగానే వచ్చింది. తడి ఆరకముందే గోడలకు నూనె పట్టించి, బ్లాకును ప్లాస్టిక్ సంచిలో చుట్టి పెట్టాం. క్రాంకు గ్రైండింగ్ నుంచి ఇంకా రావాల్సి ఉంది.