ఎనభై ఏడున్నర సార్లు

వరలక్ష్మీ వ్రతం ముందు వారం నాకు తల గోక్కునే తీరిక ఉండదు. 2025లో వ్రతం ఆగస్టు 8న వచ్చింది. 2వ తేదీ శనివారం రాత్రికి టేబుల్ మీద ఇంకా ఇరవై ఆరు జాకెట్లు. వాటిలో తొమ్మిదింటికి చేతులు కూడా ఎక్కించలేదు. అప్పుడు బెంగళూరు నుంచి మా అక్క కొడుకు ఫోన్. "చిన్నమ్మా, సింగపూర్ ప్రపంచ పోటీల్లో ఆడోళ్ల 800 మీటర్ల ఈత ఫైనల్ వీడియో పంపించినా. ఎవరు గెల్చినారో చెప్పను, నువ్వే చూడు."

ఫోన్ దారం రీళ్ల డబ్బాకి ఆనించి, హుక్కుల పని చేతికి తీసుకున్నాను. పందెం ఎనిమిది నిమిషాలు, ఆ లోపల ఒక జాకెట్టుకు హుక్కులు అయిపోతాయని నా లెక్క. మూడో హుక్కు దగ్గర సూది ఆగిపోయింది, ఇంక కదల్లేదు.

అనంతపురం పాతూరులో జాకెట్లు కుట్టేదానికి ఈత పందెంతో ఏం పని అంటారేమో. మాది శింగనమల దిక్కు పల్లె. మా చేన్లో రాతి కట్టు బావి ఒకటి ఉండేది. తొమ్మిదేళ్లప్పుడు ఎండాకాలం సెలవుల్లో నాయన నా నడుముకు నాలుగు ఎండు బెండ్లు కట్టి అందులోకి దింపినాడు. వారానికొకటి తీసేసేవాడు. చివరిది మాత్రం ఇయ్యనని నేను గడ్డివాములో దాచిపెట్టుకున్నాను. ఓ పొద్దున లేచి చూస్తే అది నీళ్ల పొయ్యి కింద మండుతా ఉంది. నాయన పక్కన కూర్చుని పళ్లు తోముకుంటున్నాడు, ఏమీ ఎరగనట్టు.

ఆయన నాకు నేర్పింది చేతులాడించడం కాదు, దమ్ము. "మొదట్లోనే తపతపా కొడితివా, సగానికే కాళ్లు బరువైతాయి మే. దమ్ము దాచిపెట్టుకో. ఆఖరుకి ఖర్చు పెట్టు" అనేవాడు. లెక్క తప్పకుండా తూర్పు దరి రాయి మీద చెనిక్కాయలు వరసగా పేర్చేవాడు. ఒకసారి పోయి వస్తే ఒక కాయ నీళ్లలోకి తోసెయ్యాలి. కాయలు మునగవు కదా, ఈత అయ్యేసరికి నా చుట్టూ అవే తేలుతుండేవి. ఆ దరి నుంచి ఈ దరికి ముప్పై అడుగులు. 800 మీటర్లంటే మా బావిలో ఎనభై ఏడున్నర సార్లు. ఈ లెక్క నేను మొన్న రాత్రి జాకెట్టు కొలతల కాగితం వెనక వేసి చూసుకున్నాను.

పందెం సంగతికి వస్తాను. వాళ్ల కొలను యాభై మీటర్లు, పదహారు పొడవులు ఈదాలి. అమెరికా ఆమె కేటీ లెడెకీ నాకు 2012 నుంచీ తెలుసు. లండన్ ఒలింపిక్స్‌లో ఇదే 800 గెలిచినప్పుడు ఆమెకు పదిహేనేళ్లు. 2016లో రియోలో అయితే రెండో ఆమెకంటే పదకొండు సెకన్లకు పైగా ముందు. ఆమె గోడ తాకి వెనక్కి తిరిగి చూసేసరికి మిగతావాళ్లు ఇంకా ఈదుతూనే ఉన్నారు. అట్లాంటివి చూడ్డానికి బాగుంటాయి గానీ పందెం మాదిరి ఉండవు. నాకు 2019 గ్వాంగ్‌జూ ప్రపంచ పోటీల పందెం ఇష్టం. ఒంట్లో బాగలేక రెండు పందేలు వదులుకుని, 800కి మాత్రం వచ్చి, ఆఖర్లో ఇటలీ ఆమె క్వాదరెల్లాను దాటేసింది. దాచిన దమ్ము అంటే అదీ.

సింగపూర్‌లో ఆమెకు ఇరవై ఎనిమిది. పక్కన కెనడా పిల్ల సమ్మర్ మెకింటోష్, పద్దెనిమిదేళ్లు, అప్పటికే అవే పోటీల్లో మూడు బంగారు పతకాలు కొట్టింది. అంతకుముందు ఏడాది ఫ్లోరిడాలో ఇదే దూరంలో లెడెకీని ఓడించింది కూడా. మూడో ఆమె ఆస్ట్రేలియా పిల్ల లానీ పాలిస్టర్. లెడెకీ ఈత చూస్తే మా కుట్టు మిషన్ గుర్తొస్తుంది. ఒకే అంతరంతో కుట్లు పడినట్టు, సరాసరిన పొడవుకు ముప్పై సెకన్ల పైన కాస్త. ఆఖరు వంద మీటర్లు వచ్చేసరికి మెకింటోష్ కంటికి ఆననంత ముందు. నేను గుడ్డ నోట్లో కుక్కుకున్నాను, ఇంట్లో అందరూ పడుకున్నారు మరి. అప్పుడు తీసింది లెడెకీ, దాచిపెట్టుకున్నది. మెకింటోష్ వెనకబడింది. అవతల నుంచి పాలిస్టర్ ఎట్లా వచ్చిందో నేను చూడనే లేదు. లెడెకీ 8:05.62, పాలిస్టర్ 8:05.98, మెకింటోష్ 8:07.29. మొదటి ఇద్దరికీ తేడా 0.36 సెకను. వాళ్ల వేగానికి లెక్కేస్తే రెండడుగులకు కూడా రాదు. పూలమ్మి ఒక మూర కొలిచి, మురిపెంగా ఇంకొంచెం వదిలినంత. ఆ ఒక్క పందెంలోనే లెడెకీకి అది ఏడో ప్రపంచ బంగారం.

నాకు పదమూడేళ్లు రాగానే మా అవ్వ "ఇంక చాలు" అనింది. నాయన ఎదురు మాట్లాడలేదు. ఆ విషయంలో ఆయన మీద నాకు ఇప్పటికీ కోపమే. ఒలింపిక్స్‌లో మగవాళ్లకు ఎప్పటి నుంచో 1500 ఉంటే, ఆడవాళ్లకు 1968లో 800 పెట్టి అక్కడే ఆపేశారని, 1500 ఇచ్చింది టోక్యోలోనే అని చదివినప్పుడు నవ్వొచ్చింది. మా అవ్వ ఒక్కతే అనుకున్నాను గానీ, లోకమంతా అవ్వలే. టోక్యోలో ఆ మొదటి 1500 కూడా లెడెకీదే.

ఓసారి ఊళ్లో ఒక ఈతకొలను దగ్గరికి పోయి అడిగాను. ఆడవాళ్లకు టైము మధ్యాహ్నం రెండింటికంట. అనంతపురంలో, ఏప్రిల్‌లో, రెండు గంటలకు! గేటు ముట్టుకుంటేనే చెయ్యి కాలింది. వచ్చేశాను. ఇంక మా బావంటారా, చుట్టూ బోర్లు పడినాక ఎండిపోయి ఇరవై ఏళ్లు దాటింది. అడుగున కంపచెట్లు మొలిచినాయి.

మరుసటి రోజు పొద్దున నాయనకు ఫోన్ చేసి పందెం మొత్తం చెప్పాను. డెబ్బై ఎనిమిదేళ్లు ఆయనకు, చెవులు సరిగా వినపడవు. రెండేసి సార్లు చెప్పాల్సి వచ్చింది. అంతా విని, "ఆ కొలను లోతెంత?" అన్నాడు.

"ఇది తెలీదు నాయనా. పారిస్ ఒలింపిక్స్‌లో అయితే రెండు మీటర్లు దాటి జానెడు కూడా లేదు, దానికే అందరూ గొణిగినారు. ఏడడుగులనుకో."

"ఏడడుగులా!" ఫోన్లో కాసేపు దగ్గాడు. "మన బావి నలభై గదమే."

తర్వాత, "ఆ రెండో పిల్ల ఎవురో, దానికి తిరిగేకాడ కాలు జారిందేమో కనుక్కో. మన తూరుపు దరికి పాచి ఉండ్లా, అట్ల" అన్నాడు.

పాలిస్టర్‌కు ఎక్కడా కాలు జారలేదని నాకు తెలుసు. కనుక్కుంటాలే నాయనా అన్నాను. గేటు దగ్గర ఎవరో పిలుస్తున్నారు, జాకెట్టు అయిందా అక్కా అని.