నాయన ‘బీ’ గ్రూపు, అమ్మ ‘ఏ’ గ్రూపు

మా తాత ఒళ్ళంతా ఉబ్బి పోయాడు. పెదనాయన ఒకరోజు తల పగిలిపోతోందని పడుకుని మళ్ళీ లేవలేదు, పక్షవాతం అన్నారు. నాయనకి నలభై దాటాక నడుము పక్కల నొప్పి మొదలైంది, అప్పుడప్పుడూ మూత్రం ఎర్రగా పోయేది. ముగ్గురివీ మూడు జబ్బులనే అనుకున్నాం.

మాది పొదిలి దగ్గర పల్లె. అక్కడ ఎవరికి కీళ్ళు పట్టేసినా, కిడ్నీ చెడినా ముందు నీళ్ళనే అంటారు. ఊరికే అనరు. నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్ళు, ఎముకలు చెడే జబ్బు ఫ్లోరోసిస్. మన దేశంలో దాని గురించి మొదట 1937లో రాసింది మా చుట్టుపక్కల పల్లెలు చూసే. అప్పుడిది నెల్లూరు జిల్లా. గారపళ్ళు, వంగిన నడుములు చూస్తూ పెరిగినవాళ్ళం కాబట్టి నాయన నొప్పిని కూడా బోరునీళ్ళ ఖాతాలో రాసేశాం.

నాయన పొగాకు రైతు. ఆకు ఆరబెట్టే క్యూరింగ్ రోజుల్లో రాత్రిళ్ళు బ్యారన్ పొయ్యి దగ్గరే మకాం. నొప్పి వస్తే తుండు బిగించి కట్టుకుని కట్టెలు ఎగదోసేవాడు. కిడ్నీలో రాళ్ళేమోనని నాయనమ్మ కొండపిండాకు కషాయం తాగించింది, గలిజేరాకు పప్పు వండిపెట్టింది. వీటికి తోడు మందుల షాపు నొప్పి బిళ్ళలు. అసలే దెబ్బతిన్న కిడ్నీలకి ఆ బిళ్ళలు ఎంత చేటో అప్పుడు చెప్పినవాళ్ళు లేరు.

ఒంగోలులో స్కాన్ తీశాక తెలిసింది. రెండు కిడ్నీల నిండా నీటితిత్తులు. 10, 12 సెంటీమీటర్లు ఉండాల్సిన కిడ్నీ ఇరవై దాటిపోయింది. ‘పాలిసిస్టిక్ కిడ్నీ. మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?’ అనడిగాడు డాక్టరు. తాత సంగతి అమ్మ చెప్పింది, తర్వాత పెదనాయన సంగతి. ఈ జబ్బున్న కొందరికి మెదడులో రక్తనాళం ఉబ్బి చిట్లుతుందని ఆయన చెప్పేదాకా ఆ రెండు చావులకీ చుట్టరికం ఉందని మాకు తట్టలేదు.

బంధువులు వెంటనే మేనరికం మీదకి తోశారు. తాతా నాయనమ్మలది మేనరికమే మరి. డాక్టరు ఒప్పుకోలేదు. ఈ జబ్బుకి మేనరికంతో పనిలేదు, తల్లిదండ్రుల్లో ఒకరి దగ్గర ఆ జన్యువు ఉంటే చాలు, ఆడపిల్లయినా మగపిల్లాడయినా పుట్టే ప్రతి బిడ్డకీ సగానికి సగం అవకాశం అన్నాడు. నాయన ఆ మాట రెండుసార్లు చెప్పించుకున్నాడు.

అప్పుడు నాకు సంబంధాలు చూస్తున్నారు. ఈ సంగతి గడప దాటకూడదని పెద్దవాళ్ళందరిదీ ఒకే మాట. కుదిరేట్టున్న సంబంధం వాళ్ళింటికి నాయన తనే వెళ్ళి చెప్పొచ్చాడు. వాళ్ళు మళ్ళీ కబురు పెట్టలేదు. నాయనమ్మ నెల్లాళ్ళు ఆయనతో మాట్లాడలేదు. తర్వాత కందుకూరు సంబంధం వచ్చింది. అక్కడా అదే వరస. ‘బావగారూ, నా కిడ్నీలు పోతన్నాయి. మా నాయన కాడినించి నాకొచ్చింది. పిల్లకి ఉండొచ్చు, లేకపోవచ్చు. మీరు ఆలోచించుకోండి.’ మా మామగారు ఏమీ అనలేదు. అత్త మాత్రం ‘అడక్కుండా చెప్తన్నాడు మడిసి, ఇంకేం కావాల’ అందట. నాకు ఇప్పటికీ అర్థం కానిది ఒకటే, పైసా దగ్గర అంత జంకే మనిషికి ఆ రోజు అంత తెగువ ఎక్కడిదో.

నాకూ ఉందని కడుపుతో ఉన్నప్పుడు తీసిన స్కాన్‌లో బయటపడింది. నాయన కళ్ళజోడు పెట్టుకుని రిపోర్టు పట్టుకు కూర్చున్నాడు. ఇంగ్లీషు రాదు, అంకెలు మాత్రమే చదివాడు. ‘నావంత లేవు కదమ్మా’ అన్నాడు. ఆ రోజు నించి నేను ఇంటికెళ్ళినప్పుడల్లా బీపీ చూపించుకున్నావా అనేదే మొదటి పలకరింపు.

అప్పటికే ఆయన డయాలసిస్‌లో ఉన్నాడు. వారానికి మూడుసార్లు ఒంగోలు బస్సు, నాలుగేసి గంటలు ఆ మంచం. ఆరోగ్యశ్రీ వచ్చింది కాబట్టి పొలం మిగిలింది. నీళ్ళు కొలిచి తాగాలి, ఆవకాయ లేదు, ఎండుచేపలు లేవు, కొబ్బరినీళ్ళు అసలే వద్దు. కూరముక్కలు ఉడికించి ఆ నీళ్ళు పారబోసి మళ్ళీ వండేది అమ్మ. ‘ఇది కూర కాదే, కూర కట్టుకున్న కోక’ అని నవ్వి తినేవాడు. సూదులు గుచ్చడానికి ఎడమచేతిలో రక్తనాళాలు కలిపి ఫిస్టులా వేశారు. దానిమీద చెవిపెడితే తుమ్మెద రొదలా వినపడుతుంది. మావాడికి అదే ఆట, తాత చేయి లాక్కుని చెవి ఆనించి పడుకునేవాడు. అమ్మ కిడ్నీ ఇస్తానని పట్టుబట్టింది గానీ ఆమె రక్తం ‘ఏ’ గ్రూపు, నాయనది ‘బీ’. కుదరలేదు. ఒక వేసవిలో, డయాలసిస్ లేని రోజు తెల్లారుజామున గుండె ఆగి నాయన పోయాడు.

నా వంతు ఆ తర్వాత వచ్చింది. బీపీ బిళ్ళలతో చాలా ఏళ్ళు లాగాను, తర్వాత రక్తంలో కిడ్నీలు వడకట్టాల్సిన క్రియాటినిన్ పెరుగుతూ పోయింది. కొన్నాళ్ళు నాకూ డయాలసిస్ తప్పలేదు. అమ్మ ఈసారి ఎవరినీ అడగలేదు, నెల్లూరు ఆస్పత్రికి నాకంటే ముందే తయారై కూర్చుంది. నాది ఏబీ. ఆయన ‘బీ’, ఆమె ‘ఏ’ రెండూ కలిసిన గ్రూపు, ఎవరి గ్రూపైనా సరిపోతుంది. ఎవరి బలవంతం లేకుండా ఇస్తున్నావా అని కమిటీవాళ్ళు అడిగితే, ‘ఆయనకిద్దామంటే గ్రూపు అడ్డమొచ్చింది, ఈ పిల్లకన్నా ఇయ్యనీయండయ్యా’ అందట. వాళ్ళు నవ్వారని చెప్పుకుని మురిసిపోయింది.

పాత కిడ్నీలు రెండూ లోపలే ఉన్నాయి, తియ్యలేదు. అమ్మది పొత్తికడుపులో కుడిపక్క పెట్టారు. అందులో ఆ జన్యువు లేదు కాబట్టి దానికి తిత్తులు రావని డాక్టరమ్మ చెప్పింది. మెలకువ వచ్చేసరికి మూత్రం సంచీ నిండుతోందని నర్సు చూపించింది. మూడోరోజు ‘బాగా నీళ్ళు తాగాలమ్మా’ అంటే నాకు నమ్మబుద్ధి కాలేదు. గుక్కలు లెక్కపెట్టకుండా తాగాను. ఆ రుచి చెప్పడం నావల్ల కాదు.

తర్వాత కొన్ని నెలలు మాస్కు, ఎవరొచ్చినా దూరంగా కుర్చీ. కొత్త కిడ్నీని ఒళ్ళు తోసెయ్యకుండా ఆపే మందు టాక్రోలిమస్ పొద్దున, రాత్రి ఒకే టైముకి. పంపరపనస తినకూడదట, ఆ మందు రక్తంలో ఎక్కువైపోతుంది. చేపల పులుసు మాత్రం మళ్ళీ మొదలెట్టాను, ఉప్పు తగ్గించి. కోత మానాక అమ్మ నాకంటే ముందు పొలానికి వెళ్ళింది.

మా తమ్ముడికి స్కాన్‌లో ఏమీ లేదు. మావాడికి ఏడాదికోసారి బీపీ చూపిస్తున్నాం, స్కాన్ సంగతి పెద్దయ్యాక వాడి ఇష్టం. పెదనాయన కొడుకు మాత్రం పెళ్ళికి అడ్డమని స్కాన్ దగ్గరకే పోలేదు, పెళ్ళయి ఇద్దరు పిల్లలు పుట్టాక వెళ్ళాడు. ఉంది. కిడ్నీలు ఇంకా బాగానే పనిచేస్తున్నాయి, బీపీ 130/80 దాటకుండా చూసుకోమన్నారు. ఇప్పుడు ప్రతి రిపోర్టూ నాకే వాట్సాప్‌లో పెడతాడు. మొన్న రాత్రి ఫోన్.

‘అక్కా, ఆవకాయ అసలు ముట్టుకోకూడదా?’

‘ఒక్క ముక్క తినరా. బీపీ బిళ్ళ మర్చిపోబాక, నొప్పి బిళ్ళల జోలికి పోబాక.’

రెండు ముక్కలకి బేరం పెట్టాడు.