రెండు మెట్ల అవతల ఒక బిందువు

ఆదివారం, నల్లగొండ

ఎండ అప్పుడే ముదిరింది. గడియారం సెంటర్‌లో పని చూసుకుని పదింటికల్లా ఇల్లు చేరాను. కాసేపటికి దేవరకొండ నుంచి ఎం.ఎస్సీ. అమ్మాయి వచ్చింది. ఇద్దరం టోపాలజీలోని సీక్వెన్షియల్ స్పేస్‌లు ముందేసుకుని కూర్చున్నాం.

ఒక సమితిలోని అనుక్రమాల అవధులన్నీ ఆ సమితిలోనే ఉంటే, అది సంవృతం (తన అంచు బిందువులన్నీ తనలోనే ఉన్న సమితి) కావడానికి అంతే చాలా? చాలితే ఆ స్పేస్ సీక్వెన్షియల్. 1965లో ఎస్.పి. ఫ్రాంక్లిన్ చూపించింది ఇంకా అందమైన సంగతి: మెట్రిక్ స్పేస్‌ల (దూరం కొలవగల స్పేస్‌ల) కోషెంట్లే (బిందువులను కలిపేసి చేసినవే) సీక్వెన్షియల్ స్పేస్‌లు, వేరే ఏవీ కావు. ఎన్నిసార్లు చదివినా ఈ ఫలితం మీద నాకు మోజు తీరదు.

బోర్డు మీద ఆరెన్స్ స్పేస్ గీశాను. పైన ఒకే బిందువు. దాన్ని చేరుకునే అనుక్రమం మధ్య వరుస. మధ్య వరుసలోని ఒక్కో బిందువునూ చేరుకునే అనుక్రమం ఒక్కో నిలువు వరుస.

"కింది బిందువులతోనే పైదాకా ఎందుకు వెళ్లలేం మేడం?"

ఈ ప్రశ్న అడిగినవాళ్లంటే నాకు గౌరవం. పై బిందువు పరిసరంలో, అంటే దాని చుట్టూ తీసుకునే ప్రాంతంలో, మధ్య వరుస దాదాపు అంతా (కొన్ని బిందువులు తప్ప) ఉండాలి. అలా ఉన్న ప్రతి బిందువు కిందా నిలువు వరుస దాదాపు అంతా ఉండాలి. షరతు అంతే. ఇప్పుడు కింది బిందువుల అనుక్రమం ఏదైనా తీసుకో అన్నాను. అది ఒకే నిలువు వరుసలోకి అనంతంగా వస్తూ ఉంటే, ఆ వరుస మొత్తాన్నీ పరిసరం నుంచి తీసేయవచ్చు. ఒక్కో వరుసలో పరిమితంగానే పదాలుంటే, ఆ కొన్నింటినీ అన్ని వరుసల్లోంచీ ఏరేయవచ్చు. ఎలా చూసినా పరిసరం పరిసరంగానే మిగులుతుంది, అనుక్రమం మాత్రం పైబిందువును చేరదు. అయినా కింది బిందువుల సంవృతిలో (వాటిని కలిగిన అతిచిన్న సంవృత సమితిలో) ఆ బిందువు ఉంది! అవధులు ఒకసారి చేరిస్తే మధ్య వరుస దొరుకుతుంది, మళ్లీ చేరిస్తేనే పైబిందువు దొరుకుతుంది. కొన్ని స్పేస్‌లలో ఇలా ఎన్ని మెట్లయినా ఎక్కాలి. మొదటి అగణ్య ఆర్డినల్‌ను (లెక్కపెట్టలేనన్ని మెట్లను సూచించే మొదటి క్రమసంఖ్యను) మాత్రం ఆ లెక్క ఎన్నడూ దాటదు.

అమ్మాయి చాలాసేపు బోర్డు వైపే చూసింది. తర్వాత లేచి, నన్ను అడగకుండానే మధ్య వరుసను చేత్తో తుడిచేసింది.

"ఇప్పుడు పైబిందువుకు ఏ అనుక్రమమూ రాదు కదా మేడం? అయినా అది సంవృతిలోనే ఉంది. అంటే ఈ ఉపస్పేస్ సీక్వెన్షియల్ కాదు!"

పాఠంలో నేనింకా అక్కడిదాకా రాలేదు. తనే వెళ్లింది. సంతోషంతో కాసేపు నాకు మాట రాలేదు.

వచ్చే ఆదివారం లబ్ధ స్పేస్‌లు (స్పేస్‌లను గుణిస్తే వచ్చేవి) మొదలుపెట్టాలి. అకరణీయ సంఖ్యలను, పూర్ణాంకాలన్నీ ఒకే బిందువుగా కలిపేసిన అకరణీయ సంఖ్యలతో గుణిస్తే ఏమవుతుందో తననే ముందు ఊహించమంటాను.